శివుడు వేషం మార్చుకుని ఎందుకు వస్తాడు?

శ్రీనాథుడి హరవిలాసంలో ఏడు ఆశ్వాసాలున్నాయి. అందులో శివుడు హాలాహలం మింగిన కథ ఒక్కటి పక్కన పెట్టి చూడండి. మిగతా ప్రతి కథలోనూ అసలు ఘట్టానికి వచ్చేసరికి శివుడు తన రూపంలో ఉండడు. కంచిలో చిరుతొండనంబి ఇంటికి ముసలి జంగమయ్యగా వస్తాడు. పార్వతి తపస్సు చేసుకునే చోటికి బ్రహ్మచారిగా వస్తాడు. దారుకావనంలో ఒంటిమీద బట్ట లేని బిచ్చగాడిగా తిరుగుతాడు. అర్జునుడి ఎదుట వేటగాడిగా దిగుతాడు. ఒక్క కావ్యంలోనే ఇన్ని వేషాలు. దీనికి మదురై స్థలపురాణం చెప్పే 64 లీలల్ని కలిపితే లెక్క పెట్టడం కూడా కష్టమే.

ఎందుకు ఇన్ని వేషాలు అని అడిగితే మనకు అలవాటైన జవాబు ఒకటుంది. భక్తుణ్ణి పరీక్షించడానికి. ప్రవచనాల్లోనూ పౌరాణిక సినిమాల్లోనూ విని విని ఈ మాట మనకు ఎంత అలవాటైపోయిందంటే, అందులో ఉన్న చిక్కు కనిపించదు. అన్నీ తెలిసినవాడికి పరీక్ష దేనికి? అర్జునుడి మనసులో ఏముందో, పార్వతి పట్టుదల ఎంతో కైలాసంలో కూర్చుని తెలుసుకోలేడా? పైగా పరీక్షే అనుకుంటే అన్నిటికీ ఒకే వేషం సరిపోవాలి. బిచ్చగాడి వేషం వేసుకుని అందరి ఇళ్ళకూ వెళ్ళొచ్చు. కథలు అలా నడవవు. అర్జునుడి దగ్గరికి వేటగాడే రావాలి, దారుకావనానికి బిచ్చగాడే వెళ్ళాలి. ఒకరి కోసం వేసిన వేషం ఇంకొకరి దగ్గర పనిచేయదు. చిక్కుముడి విప్పడానికి పట్టుకోవలసిన కొస ఇదేనని నా నమ్మకం. ఎదుటి మనిషి దేన్ని చూసుకుని ధైర్యంగా ఉన్నాడో, దేన్ని చూస్తే పక్కకు జరగమంటాడో, వేషం సరిగ్గా ఆ కొలతలకు కుట్టి ఉంటుంది.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. విష్ణువు అవతారాలనూ శివుడి వేషాలనూ మనం ఒకే గాటన కట్టేస్తాం. రాముడు, కృష్ణుడు తల్లి కడుపున పుట్టారు, పెరిగారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ఒక ఆయుష్షు గడిపి వెళ్ళారు. శివుడికి గర్భవాసం లేదంటుంది శైవ సిద్ధాంతం. అందుకే ఆయన వచ్చేది వేషంలో. ఉన్నపళంగా పెద్దవాడిగా వస్తాడు, కాసేపు ఉంటాడు, గుర్తుపట్టగానే కథ అయిపోతుంది. అవతారానికి లోకరక్షణ లాంటి పెద్ద పని ఉంటుంది. వేషానికి ఉండే పని చాలా చిన్నది, ఒక్క మనిషితో. కాకపోతే ఆ ఒక్క మనిషికి ఆ రోజు తర్వాత ఏదీ మునుపటిలా ఉండదు. ఆగమాలు, శిల్పశాస్త్రాలు ఇలాంటి రూపాల్ని లీలామూర్తులంటాయి. భిక్షాటనమూర్తి, కిరాతమూర్తి ఆ వరసలోవే.

ఇక కిరాతుడి కథ, అంటే వేటగాడిది. మహాభారతం అరణ్యపర్వంలోది. అడవుల్లో ఉన్న పాండవులకు రాబోయే యుద్ధం టెన్షన్. భీష్మ ద్రోణ కర్ణుల్ని గెలవాలంటే దివ్యాస్త్రాలు కావాలి. ఇంద్రుడేమో ముందు శివదర్శనం చేసుకుని రమ్మన్నాడు. అర్జునుడు తపస్సుకు కూర్చున్నాడు. ఆ కొండ విజయవాడలోని ఇంద్రకీలాద్రే అంటుంది అక్కడి స్థలపురాణం. మూకుడనే దానవుడు అడవిపంది రూపంలో మీదికి వచ్చాడు. అర్జునుడు గాండీవం ఎక్కుపెట్టాడు. ఆగు, దానికి ముందు గురిపెట్టింది నేను అన్నాడు ఎదురుగా వచ్చిన వేటగాడు. అర్జునుడు వినలేదు. ఇద్దరి బాణాలూ ఒకేసారి తగిలాయి, పంది చచ్చింది. వేట ఎవరిదన్న గొడవ మొదలైంది.

ఎంత చిన్న గొడవో చూడండి. రాజ్యం కాదు, ధర్మం కాదు, చచ్చిన పంది. అర్జునుడు ఎవరి కోసం తిండి మాని ఒంటికాలిమీద నిలబడ్డాడో ఆయనతోనే, నా వేటను కొట్టడం వేటధర్మం కాదని తగువు పెట్టుకున్నాడు. ఇక్కణ్ణుంచి వ్యాసుడి కథ ఒక పద్ధతిగా నడుస్తుంది. అర్జునుడి దగ్గరున్నవి ఒక్కొక్కటే పోతుంటాయి. ముందు బాణాలు. ఖాండవ దహనం నాడు అగ్నిదేవుడి ద్వారా వచ్చిన అక్షయ తూణీరాలు ఖాళీ అయిపోయాయి. తరగని అమ్ములపొదులు తరిగిపోవడం అతను జన్మలో చూడలేదు. గాండీవంతోనే కొట్టబోతే వేటగాడు దాన్ని లాగేసుకున్నాడు. కత్తితో తలమీద కొడితే కత్తి విరిగింది. చెట్లు, రాళ్ళు, పిడికిళ్ళు అన్నీ అయ్యాయి. చివరికి వేటగాడి పట్టులో నలిగి స్పృహ తప్పి పడిపోయాడు. విలుకాడనే పేరు తప్ప ఏమీ మిగల్లేదు, ఆ పేరు కూడా ఆ పూట పనికిరాలేదు.

లేచాక మట్టితో వేదిక చేసి, శివుణ్ణి తలుచుకుని పూలదండ వేశాడు. తల ఎత్తి చూస్తే ఆ దండ వేటగాడి నెత్తిమీద ఉంది.

మొత్తం కథలో నాకు అన్నిటికంటే పదునుగా అనిపించేది ఈ దండ. అర్జునుడి భక్తిలో లోపం లేదు, పూజలో లోపం లేదు. దండ చేరవలసిన చోటికే చేరింది. చూపు మాత్రం మట్టి వేదిక దగ్గర ఆగిపోయింది. దేవుడు వేదిక మీద ఉంటాడనీ, ఎదురు నిలిచిన వేటగాడు వేటగాడేననీ అతను చేసుకున్న విభజన అక్కడ కూలింది. సంస్కృత కవి భారవి తన కిరాతార్జునీయంలో ఈ ఘట్టాన్ని మరోలా మలిచాడు. మల్లయుద్ధంలో శివుడు పైకి ఎగిరినప్పుడు కింద పడేద్దామని అర్జునుడు కాళ్ళు పట్టుకుంటాడు. పట్టుకున్నవి శివుడి పాదాలు. శత్రువును పడగొట్టే పట్టు, శరణు వేడే పట్టు అక్కడ ఒకటే అయిపోయాయి. లేపాక్షి వీరభద్రాలయం కప్పుమీద ఈ కిరాతార్జున కథను రంగుల్లో చూడవచ్చు.

పాశుపతాస్త్రం ఆ తర్వాతే వచ్చింది. అంతా పోగొట్టుకున్న చేతికే వచ్చింది. గాండీవం కూడా తిరిగి శివుడి చేతి మీదుగానే అందింది.

పార్వతి కథలో వేషం పద్ధతే వేరు. అక్కడ బలంతో పని లేదు, మాటలతోనే పని. కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గలో ఆశ్రమానికి వచ్చే కుర్రాడు బాగా చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. ముందు కుశలం అడుగుతాడు. ఒంటికి మించి తపస్సు చేయడం లేదు కదా, శరీరమాద్యం ఖలు ధర్మసాధనమ్ అంటాడు. ఆరోగ్యం గురించి ఎవరు ఉపన్యాసం ఇచ్చినా వాడే ఈ వాక్యం మొదట ఒక దొంగ బ్రహ్మచారి నోటినుంచి వచ్చిందని చాలామందికి గుర్తుండదు. ఆ తర్వాత అసలు పని మొదలుపెడతాడు. నీ చేతికి పెళ్ళి తోరం, ఆయన చేతికి పాము. నీది హంసల అంచు పట్టుచీర, ఆయనది రక్తం కారే ఏనుగు తోలు. ఏనుగెక్కి ఊరేగాల్సిన పెళ్ళికూతురు ముసలెద్దు ఎక్కితే జనం నవ్వరా? పోనీ వరుడిలో చూడాల్సినవేమైనా ఉన్నాయా అంటే, కళ్ళు మూడు, పుట్టుక ఎవరికీ తెలీదు, ఆస్తి ఎంతో ఒంటిమీద బట్ట లేకపోవడమే చెబుతోంది.

ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. శివుడు తనగురించి తానే నిజాలు చెబుతూ నిందిస్తున్నాడు. చెడ్డవాడు వచ్చి అబద్ధాలు చెబితే తిప్పికొట్టడం తేలిక. మంచి కోరే మనిషిలా వచ్చి, ఉన్నవి ఉన్నట్టు చెప్పి, కాస్త ఆలోచించుకో అంటే అప్పుడుంటుంది కష్టం. పార్వతి మొదట వాదిస్తుంది. మహాత్ముల నడవడి మామూలు లెక్కలకు అందదు, అందుకే మందమతులు దాన్ని ఏవగించుకుంటారంటుంది. కాసేపటికి వాదన వదిలేస్తుంది. నువ్వు విన్నట్టే ఆయన అలాంటివాడే అనుకో, నా మనసు అక్కడే నిలిచిపోయింది అంటుంది. ఇది జవాబు కాదు, జవాబు చెప్పడం మానేయడం. కుర్రాడి పెదవి మళ్ళీ కదలబోతుంటే, వీణ్ణి ఆపవే, పెద్దల్ని నిందించేవాడికే కాదు వినేవాళ్ళకూ పాపమే అని చెలికత్తెకు చెప్పి వెళ్ళిపోబోతుంది. అప్పుడు ఆయన తన రూపంతో పట్టుకుంటాడు. ఎత్తిన అడుగు ముందుకు వేయలేక, వెనక్కి పెట్టలేక ఆమె నిలబడిపోతుంది. ఈ రోజు నుంచి నేను నీ తపస్సుతో కొనుక్కున్న దాసుణ్ణి అంటాడు ఆయన. పరీక్ష పెట్టినవాడు అనే మాట కాదిది.

కాశీలో శంకరాచార్యుల కథ ఈ వరసలో చిన్నదే. పదునులో మాత్రం దేనికీ తీసిపోదు. శంకరుల జీవితకథలైన శంకరవిజయాల్లో చెప్పినదాని ప్రకారం గంగకు వెళ్తున్న ఆచార్యుడికి నాలుగు కుక్కలతో ఒక చండాలుడు ఎదురొస్తాడు. శంకరులు దూరంగా జరగమంటారు. చండాలుడు ఎదురు అడుగుతాడు. దేన్ని జరగమంటున్నావు? అన్నంతో పెరిగిన శరీరాన్ని అన్నంతో పెరిగిన ఇంకో శరీరం నుంచా, చైతన్యాన్ని చైతన్యం నుంచా? గంగలో పడ్డ సూర్యబింబానికీ, మా వాడలో నీళ్ళలో పడ్డ సూర్యబింబానికీ తేడా ఉందా? ఇవన్నీ అద్వైతులు నిత్యం చెప్పే ఉదాహరణలే. శంకరుల పాఠాన్నే శంకరులకు అప్పజెప్పాడు. అద్వైతం బోధించే మనిషిని ఆపడానికి వేరే వేషం ఏదీ సరిపోదు. పుస్తకంలో గెలిచిన మాట వీధిలో ఓడిపోతున్న చోట నిలబడగల వేషం అదొక్కటే.

ఈ కథను చెప్పేటప్పుడు జనం తరచూ చేసే ఒక చమత్కారం నాకు నచ్చదు. ఆ చండాలుడు నిజానికి శివుడేలే అని ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడు నిజమైన చండాలుడు కథలోంచి మాయమైపోతాడు, శంకరులు నమస్కరించింది దేవుడికే కదా అని అందరికీ సౌకర్యంగా ఉంటుంది. కథాక్రమం మాత్రం వేరు. ఈ జ్ఞానం ఉన్నవాడు చండాలుడైనా సరే, ద్విజుడైనా సరే నాకు గురువే, ఇది నా నిశ్చయం అని శంకరులు మనీషా పంచకమనే ఐదు శ్లోకాలు చెప్పేనాటికి శివుడు ఇంకా కనబడలేదు. ఎదురుగా ఉన్నది కుక్కలతో నిలబడ్డ మనిషే. వేషం తొలగింది ఆ తర్వాత.

అసలు దీన్ని వేషం అనొచ్చా అన్నది ఇంకా లోతైన ప్రశ్న. శివాలయంలో అభిషేకం జరిగేటప్పుడు వినిపించే యజుర్వేదంలోని నమకం నాలుగో అనువాకంలో ఈ మాటలున్నాయి: నమో మృగయుభ్యః శ్వనిభ్యశ్చ వో నమో నమః శ్వభ్యః శ్వపతిభ్యశ్చ వో నమః. వేటగాళ్ళకు నమస్కారం, కుక్కల్ని నడిపేవాళ్ళకు నమస్కారం, కుక్కలకు నమస్కారం, కుక్కల యజమానులకు నమస్కారం. దీనికి కాస్త ముందు వడ్రంగులు, కుమ్మరులు, కమ్మరులు, నిషాదులు వస్తారు. మూడో అనువాకంలో దొంగల నాయకుడికీ, మోసం చేసేవాడికీ కూడా నమస్కారాలున్నాయి. కిరాతుడు, కుక్కలతో వచ్చిన చండాలుడు ఈ జాబితాలో ముందే ఉన్నారు. అంటే కథల్లో శివుడు పరాయి బట్టలు వేసుకుని రాలేదు. వేదం తనవని ముందే చెప్పిన రూపాల్లోనే వచ్చాడు. చూసేవాళ్ళకు వాటిలో ఆయన ఉంటాడని తోచకపోవడం వల్ల అవి వేషాలయ్యాయి. నల్లమల చెంచుల సంగతే తీసుకోండి. శ్రీశైలం మల్లన్న చెంచు పిల్లను పెళ్ళాడాడనీ, తమ అల్లుడనీ వాళ్ళు చెప్పుకుంటారు, చెంచు మల్లయ్య అని పిలుస్తారు. అర్జునుడికి మారువేషంలా కనిపించిన వేటగాడు వాళ్ళకు ఇంటి మనిషి.

దారుకావనం కథ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కర్మ చేస్తే చాలు, ఫలం అదే వస్తుంది, మధ్యలో ఈశ్వరుడెందుకు అనుకునే మునులు వాళ్ళు. ఏ నియమమూ పాటించని దిగంబరుడు కపాలం పట్టుకుని వాళ్ళ ఇళ్ళముందుకు వచ్చాడు. వాళ్ళు హోమం చేసి పులిని పుట్టిస్తే తోలు కట్టుకున్నాడు, పాముల్ని పంపితే నగలుగా వేసుకున్నాడు. కథ వేర్వేరు పురాణాల్లో వేర్వేరుగా ముగుస్తుంది, మునుల లెక్క తప్పడం మాత్రం అన్నిట్లోనూ ఉంది.

శ్రీనాథుడి కాశీఖండంలో వ్యాసుడి కథ తెలుగువాళ్ళకు బాగా దగ్గర. పదో తరగతి తెలుగులో భిక్ష పాఠం చదివినవాళ్ళు మర్చిపోరు. వేదాల్ని విభజించిన మహాపండితుడు, శిష్యులతో కాశీ వీధుల్లో తిరిగితే రెండు రోజులు ఎవరూ గుప్పెడు అన్నం పెట్టలేదు. కడుపు కాలింది. మూడు తరాలదాకా ఈ ఊళ్ళో ధనం, విద్య, మోక్షం లేకుండా పోవాలని శపించబోయాడు. అప్పుడు ఒక ఇంటి వాకిట్లోంచి పెద్దముత్తైదువ పిలిచింది. వేషం ఇక్కడ పార్వతిది. శ్రీనాథుడు ఆమెను ఎంత మామూలు ఇల్లాలిగా చూపించాడో ఆమె మాటలు విని తెలుసుకోవాలి. ఉన్న ఊరు కన్నతల్లితో సమానమంటారు, శివుడి ఇల్లాలైన కాశిని ఇన్నేసి మాటలంటావా? గింజలేరుకుని బతికే మునులున్నారు, వాళ్ళంతా నీకంటే మతిలేనివాళ్ళా? ఈ రెండు చురకలు అంటించి, స్నానం చేసి రండి, అతిథి లేకుండా మా ఆయన భోంచెయ్యడు అని అన్నానికి పిలిచింది. మహాభారతం రాసినవాడికి శాంతం గురించి వంటింటి మనిషి పాఠం చెప్పింది. కాశీ వదిలి వెళ్ళిపొమ్మని శివుడి ఆజ్ఞ మాత్రం అన్నం పెట్టాక కూడా తప్పలేదు. ఆ వ్యాసుడు దాక్షారామం దారి పట్టడం శ్రీనాథుడిదే ఇంకో కావ్యం భీమఖండంలో చూస్తాం.

ఇక్కడిదాకా నేను చెప్పిన సూత్రం బాగానే పనిచేసింది. చిరుతొండనంబి దగ్గర అది గొంతుకు అడ్డం పడుతుంది. రోజూ శివభక్తులకు అన్నం పెట్టిగానీ తినని మనిషి. వచ్చిన ముసలి అతిథి నరమాంసం కావాలన్నాడు. భార్యాభర్తలు బడినుంచి తమ కొడుకు సిరియాళుణ్ణి తీసుకొచ్చి, కోసి వండారు. వడ్డించాక, నీ కొడుకు పక్కన లేనిదే ముట్టను, పిలువు అన్నాడు అతిథి. లేని కొడుకును వాకిట్లో నిలబడి పిలిచారు. పిల్లవాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. కొడుకంటే మమకారమనీ, దాన్ని కోయడమే త్యాగమనీ వ్యాఖ్యానం చెబుతారు. నాకు ఆ వివరణ మరీ సులువైపోయినట్టు అనిపిస్తుంది. ఇక్కడ అతిథి కొట్టింది అహంకారాన్నా? చిరుతొండడిలో అహంకారం ఎక్కడా కనబడదే. నా మటుకు ఒక్క ఘట్టమే ఆనుతుంది. చచ్చిపోయాడని చేతులకు తెలిసిన కొడుకును, వస్తాడన్న ఆశ ఏమీ లేకుండా, అతిథి మాట తీసెయ్యలేక పేరు పెట్టి పిలవడం. తమిళ పెరియపురాణంలో ఇతను పల్లవ సేనాని, వాతాపి యుద్ధం చేసినవాడు. యుద్ధంలో ఎందరి కొడుకులో పోయి ఉంటారు. తెలుగులో ఇతను కంచి వైశ్యుడయ్యాడు. హరవిలాసాన్ని శ్రీనాథుడు అంకితమిచ్చిన అవచి తిప్పయ్య సెట్టి కూడా వర్తకుడే.

12వ శతాబ్దంలో బసవేశ్వరుడి అనుచరులు ఈ అతిథి కథలకు ఇంకో దారి చూపించారు. జంగముడు అంటేనే శివుడు, నడిచే లింగం. వేషంలో శివుడెప్పుడు వస్తాడా అని ఎదురు చూడక్కర్లేదు, గడప దగ్గరికి వచ్చిన ప్రతి జంగముడూ ఆయనే. దాంతో తర్వాత గుర్తుపట్టడమనే ఘట్టమే అవసరం లేకుండా పోయింది. అన్నం పెట్టడమే మిగిలింది.

గుర్తుపట్టడం గురించి మాట్లాడుకుంటే నత్కీరుణ్ణి వదలకూడదు. పైన చెప్పినవాళ్ళంతా వేషం తొలగగానే తగువు ఆపేశారు. ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో ఇతనొక్కడే ఆపలేదు. మదురైలో కరువొచ్చి అల్లాడుతున్న ఒక పూజారి కోసం శివుడే పద్యం రాసిచ్చాడు. స్త్రీల కొప్పుకు సహజంగానే పరిమళం ఉంటుందని అందులో ఉంది. పాండ్యరాజు సభలో కవి అయిన నత్కీరుడు తప్పు పట్టాడు, వెంట్రుకలకు సొంత వాసన ఎక్కడిది అన్నాడు. పూజారి పరువు పోతుందని శివుడు స్వయంగా కవి వేషంలో వచ్చి వాదించాడు, మాట సాగక నుదుటి కన్ను చూపించాడు. తల చుట్టూ కళ్ళున్నా తప్పు తప్పే అన్నాడు నత్కీరుడు. శాపం తగిలి కుష్ఠు వచ్చింది. కైలాసం చూస్తే పోతుందన్నారు, బయలుదేరాడు, దారిలో భూతం చేతిలో పడ్డాడు, ఆఖరికి దక్షిణ కైలాసమైన కాళహస్తిలో రోగం పోయింది. ధూర్జటి కాళహస్తీశ్వరుడికే ఈ కావ్యం అంకితమిచ్చిన పరమ భక్తుడు. అంతటి భక్తుడూ సభలో ఆఖరి మాటను నత్కీరుడికే వదిలేశాడు. రోగం నయమైంది గానీ పద్యంలో తప్పు లేదని కథ ఎక్కడా తేల్చలేదు.